నూనె తేరుకునేదాకా

ఏమన్నా కనిపిస్తోందా అమ్మాయ్, అని మాస్టారు మళ్లీ అడిగారు. ఇంకా లేదండీ, అన్నాను. నోరు ఆ మాట అంటూనే ఉంది, కళ్లు మాత్రం తెర మీద ఎడమ పక్కన, చారలు వంగే చోట ఉన్న ఆవగింజంత మచ్చకే అతుక్కుపోయి ఉన్నాయి. ఇంతకు ముందు వచ్చిన చిత్రంలో అది బయటి గాజుకి దగ్గరగా ఉన్నట్టుంది. ఇప్పుడు ఒక పిసరు లోపలికి జరిగినట్టుంది. అన్నీ ఉన్నట్టుండడాలే, ఒక్కటీ ఉండడం లేదు. మరక కావచ్చు. వేడికి గాజు మీద పట్టిన మసక కావచ్చు. కెమెరా అద్దం మీద దుమ్ము కావచ్చు, అయితే దుమ్ము జరగదు కదా, జరగలేదేమో, నాకే అలా అనిపించిందేమో. బుడగ కావచ్చు. ఆ మాట మనసులో అనుకుంటే కూడా గదిలో ఎవరికైనా వినపడుతుందేమోనని గొంతు సవరించుకున్నాను. పక్కనున్న కరెంటాయన తల తిప్పి చూసి, మంచినీళ్ల సీసా నా వైపు తోశాడు. ఏం మాట్లాడకుండా తోసే మనిషి మీద నాకు ఊరికే కోపం వచ్చింది.

గదిలో ఉన్నది నలుగురం. కిటికీలు లేవు. పైకప్పులోంచి వచ్చే చల్లగాలి సరిగ్గా నా మెడ మీదే పడుతుంది, ఎన్నిసార్లు కుర్చీ జరిపినా అది నన్ను వెతుక్కుంటూ వస్తుంది. నూనెలోంచి వెలుగు పోనిస్తే పడే చారల చిత్రాలు నేను చూసేదాన్ని, కరెంటాయన కరెంటు చూసేవాడు, ఆ మూల చెవుల మీద తొడుగులు పెట్టుకున్నావిడ పైనున్నవాళ్లతో మాట్లాడేది. వాళ్ల మాట మా అందరికీ వినపడుతుంది, కానీ ఆవిడ తప్ప ఇంకెవరం పైకి బదులు చెప్పకూడదు. అందుకని మాటలావిడ అంటాం. మా వెనక, చేతికర్ర మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని, మాస్టారు. నాకు చదువు చెప్పినాయన, ఈ పెట్టెను మొదట కాగితం మీద గీసినాయన. పెట్టె ఇప్పుడు మా తలల మీదుగా, భూమి చుట్టూ తిరుగుతున్న ఇంట్లో, ఒక బీరువా అరలో ఉంది. పెట్టెలో నారింజకాయంత గాజు గోళం. దాని లోపల నిమ్మకాయంత లోహపు గోళం. రెండింటి మధ్య సందులో నూనె. ఇంతే, ఈ ఇంత దానికోసమే మా వయసులన్నీ అయిపోయాయి.

చిన్నప్పుడు నాయనమ్మ స్నానాలకి నీళ్లు కాచే కాగు ముందు గొంతుక్కూర్చుని నేను గడ్డిపోచలు వేసేదాన్ని. నడిమిలోంచి లేచి, అంచు దాకా ఈదుకుంటూ పోయి, అక్కడ తల ముంచేసి, మళ్లీ నడిమిలోంచి లేచేవి. నీళ్లు తిరుగుతున్నాయి నాయనమ్మా అంటే, కింద మంట పెడితే తిరగవా మరి, నిన్ను కూర్చోబెట్టినా తిరుగుతావు, అనేది. అంతకంటే బాగా నాకు ఏ తరగతిలోనూ ఎవరూ చెప్పలేదు. వేడెక్కింది తేలికవుతుంది, తేలికైంది పైకి పోతుంది, చల్లారింది కిందికి దిగుతుంది. కానీ పై, కింద అనేవే లేని చోట? అక్కడ వేడి నూనె ఎటు పోవాలో తెలియక ఉన్నచోటే ఉండిపోతుంది. అందుకని దానికి మేమే ఒక కింద చేసి పెడతాం. లోపలి గోళానికీ బయటి గాజుకీ మధ్య పెద్ద కరెంటు పెడితే నూనె నలువైపుల నుంచీ నడిమికి లాగబడుతుంది, భూమి మనందర్నీ అన్ని వైపుల నుంచీ తన కడుపులోకి లాక్కుంటున్నట్టు. అప్పుడు నడిమి వైపు కింద, గాజు వైపు పైన. ఉత్తుత్తి బరువే, అయినా నూనెకి ఆ సంగతి తెలీదు, లేస్తుంది, దిగుతుంది, పొర్లుతుంది. భూమి లోపల వేడికి మెత్తబడిన రాయి ఎలా పొర్లుతుందో ఆ నారింజకాయంతలో కళ్లారా చూడొచ్చు. నేల మీద ఇది కుదరదు, నేల బరువు ఒక్క వైపుకే లాగి మొత్తం పాడుచేస్తుంది. ఇదంతా మా అత్తగారికి చెబితే ఓపిగ్గా విని, నూనె కాచడానికి అంత దూరం పోవాలా, మన పొయ్యేం పాపం చేసింది, అంది. అక్కడ గ్యాసు ఉచితమమ్మా, అన్నారు మా ఆయన. నవ్వాం. పొద్దున్న బయల్దేరేటప్పుడు స్నానాల గదిలో హీటరు కట్టేశానా? కట్టేశాను. చేయి మీట దాకా పోవడం గుర్తుంది, నొక్కడం గుర్తులేదు. ఫోన్లు బయటే పెట్టించేశారు. పోనీలే, మా ఆయన చూస్తారు. ఆయన చూడరు. ఆయనకి హీటరు ఎర్రదీపం కూడా గోడకి బొట్టు పెట్టినట్టే కనిపిస్తుంది.

చిత్రం మారింది. మచ్చ ఉంది. చారల మధ్య చిన్న మూసుకున్న ఉంగరంలా ఉంది. మరకకి ఉంగరం ఉండదు అని మనసు అంటుంది, ఉండొచ్చు అని మనసే అంటుంది.

ఇప్పుడు కరెంటు ఇంకా పెట్టలేదు. ఇది తేరుకునే వేళ. లోపలి గోళాన్ని మెల్లగా వేడి చేసి, నూనె కదలకుండా నిలిచేదాకా ముట్టుకోకుండా వదిలేయాలి. ముట్టుకోకూడదు, తొందరపెట్టకూడదు, గదిలో గట్టిగా మాట్లాడకూడదు. మాట్లాడితే అంత ఎత్తున ఉన్న నూనెకి ఏమీ కాదని మా అందరికీ తెలుసు, అయినా గొంతులు తగ్గించుకుంటాం, పసిపాప నిద్రపోతున్న ఇంట్లోలాగా. పైనున్నాయన్ని కూడా సైకిలు తొక్కొద్దని బతిమాలాం. బరువు లేని చోట రోజూ కాళ్లాడించకపోతే ఎముకలు గుల్లబారతాయి, అందుకని వాళ్లకి గోడకి బిగించిన సైకిలు ఉంటుంది. అది తొక్కితే ఇల్లంతా సన్నగా వణుకుతుంది, నూనె తేరుకోదు. మీ నూనె కునుకు తీయాలని నా ఎముకలు పిండి చేసుకోమంటారా, అన్నాడాయన. ఈ ఒక్క పూటకే బాబూ, అంది మాటలావిడ. మీరు ప్రతి పూటా ఈ ఒక్క పూటే అంటారు, అన్నాడు గానీ దిగాడు. తేరుకున్నాక నేను సరే అనాలి. అప్పుడు కరెంటాయన మీట మీదున్న ఎర్రమూత ఎత్తుతాడు. నేను సరే అంటేనే. మాస్టారు అలా రాయించారు. చిత్రం చూసేది నువ్వే గనక చెప్పేదీ నువ్వే, అన్నారు.

బుడగైతే మాత్రం అనకూడదు. అంత కరెంటుకి నూనె తట్టుకున్నట్టు గాలి తట్టుకోదు. బుడగలో నిప్పురవ్వ పుడుతుంది, గాజు పగులుతుంది, నూనె మాడుతుంది. రెండు పెట్టెల్లో పెట్టి బిగించాం నిజమే, కానీ ఆ ఇంటికి తలుపు తీసి పొగ బయటికి పంపే వీలు లేదు, లోపల మనుషులు ఊపిరి తీసుకుంటున్నారు. అనుమానం వస్తే ఆపేయాలి, నియమం అంతే, ఇందులో వాదన లేదు. మరి ఆపేస్తే? మాకిచ్చిన వేళ ఇదొక్కటే. దీని తర్వాత బీరువాలో కరెంటు వేరే వాళ్ల పెట్టెకి పోతుంది. వచ్చే వారం మా పెట్టెని చెత్తతో పాటు ఓ బండిలో పడేసి కిందికి వదిలేస్తారు, దారిలో కాలి మసైపోతుంది. ఇంకో పెట్టెకి డబ్బిచ్చే వాళ్లెవరూ లేరు, ఉన్నా అది తయారయ్యేసరికి మాస్టారుంటారా, ఉన్నా ఆయన కళ్లుంటాయా. ఆ మాట అనుకోకూడదు. అనుకున్నాను.

వేడి సరిపోయిందా, అని మాస్టారే అడిగారు, ఈసారి వేరే ప్రశ్న. సరిపోయిందండీ, నిలకడగా ఉంది. మరి చారలు? సన్నగా ఉన్నాయండీ, వరసగా, దువ్వినట్టు. ఆయన తలాడించారు. దువ్విన చారలు ఆయన కళ్ల ముందు కనిపిస్తున్నాయని నాకు తెలుసు, తెర మీద కాదు, కళ్ల వెనక. ఆయన చూపు నడిమిలోంచి పోయింది. నేరుగా చూస్తే ఏదీ ఉండదట, పక్కల మాత్రం ఉంటుందట. అందుకే మనిషిని గుర్తుపట్టాలంటే కోడి గింజని చూసినట్టు ముఖం పక్కకి తిప్పుతారు. కొత్తవాళ్లు ఈయనేంటి నా మాట వినకుండా గోడ చూస్తాడు అనుకుంటారు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నాకూ ఆయన చెప్పలేదు, ఆయన భార్య, అమ్మగారు, వాళ్ల వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పింది, నిన్న పేపరు తలకిందులుగా పట్టుకుని అరగంట తిరగేశారమ్మా, నేను చూస్తున్నానని మధ్యలో ఒకసారి ప్రభుత్వాన్ని కూడా తిట్టారు. చెప్పి నవ్వింది, నవ్వుతూనే కొంగుతో పొయ్యి గట్టు తుడిచింది, తుడిచిన చోటే మళ్లీ తుడిచింది.

ఆయనకి కళ్లున్న రోజుల్లో మేం ఈ ప్రయోగాన్ని విమానంలో చేశాం. విమానం కొండెక్కినట్టు ఎక్కి, పైన చేతులు వదిలేసినట్టు జారుతుంది, జారినంతసేపూ లోపల దేనికీ బరువుండదు. నాకు మాత్రం కడుపు నోట్లోకి వచ్చేది. సంచి మూతికి పట్టుకుని ఒక చేత్తో బల్లని వాటేసుకుని ఉంటే, మాస్టారు గాల్లో బోర్లా తేలుతూ, నూనె గిన్నె మీద మొహం పెట్టి, సంచి అడ్డం తియ్యవే, ఇటు చూడు, మొదలైంది, మొదలైంది, అంటున్నారు. చూశాను. వేడి నూనెలోంచి ఒక చిన్న మొగ్గ, నడిమిలో, తల ఎత్తుతోంది. అంతలో బరువు బస్తాలా వచ్చి మా అందరి మీదా పడింది. మాస్టారు నేల మీద పడ్డారు, నేను సంచి మీద పడ్డాను, మొగ్గ చితికిపోయింది. దిగాక, నా బట్టలకంటిన మరక కడుక్కుంటుంటే కుళాయి దగ్గరికి వచ్చి, పడుతూనే ఉండే ఇల్లు కావాలమ్మాయ్, అన్నారు. నేను ఇంకేదో కష్టం చెబుతున్నారనుకున్నాను. భూమి చుట్టూ పడుతూనే తిరిగే ఆ ఇంట్లో ఒక అర సంపాదించడానికి ఆయన జుట్టు నెరిసింది, నా పిల్ల పెళ్లీడుకొచ్చింది. ఆ మొగ్గ విచ్చుకుంటే ఎలా ఉంటుందో లోకంలో ఎవరూ చూడలేదని కాదు, ఆయన చూడలేదు. నేను చూసి చెప్పాలి. ఆయన చెవులతో చూస్తారు.

ఏమన్నా కనిపిస్తోందా?

ఇంకా లేదండీ.

అబద్ధం కాదు ఇది. ఆయన అడుగుతున్నది నూనె కదలిక గురించి, నేను చెప్పింది నూనె కదలిక గురించి. ఊరి పెద్దమనిషి ముందు ఇలాగే మాట్లాడతారు, గేదె మా చేలో పడిందా అంటే మా గేదె తెల్లది కాదండీ అన్నట్టు. ఒకవేళ మరకే అయితే, నేను నోరు జారితే, నియమం నియమమని ఆపేస్తారు, ఆయన కర్ర పట్టుకుని ఇంటికి పోతారు, ఆ తర్వాత ఎప్పుడో ఎవరో చిత్రాలు తిరగేసి ఇది మరకే కదా అంటారు. ఒకవేళ బుడగే అయితే, ఇంత చిన్న బుడగ, అంత చిన్నదానిలో ఎంత నిప్పు పుడుతుంది, ఎలాగూ కాల్చేసే పెట్టే కదా, ఒక్కసారి నొక్కి చూస్తే, ఒక్క మొగ్గ విచ్చుకునేంత సేపు. ఇలా ఆలోచిస్తున్నది నేనేనా అనిపించింది. పైన ఒక మనిషి ఎముకల మీద బెంగతో గోడకి ఆనుకుని ఉన్నాడు. ఆయనకీ ఇంట్లో హీటరు కట్టేశానా లేదా అని తనలో తాను అడుగుకునే పెళ్లాం ఉండే ఉంటుంది.

చిత్రం మారింది. జరిగింది. జరగలేదు. కళ్లు మూసి తెరిచాను. ఎక్కువసేపు చూస్తే గోడలు కూడా జరుగుతాయి.

మా మేనత్త గుడ్లు చూసేది. కోడి కింద పెట్టే ముందు చీకటి కొట్టంలో దీపం ముందు ఒక్కో గుడ్డూ పట్టుకుని, ఇది పెట్టు, ఇది పెట్టకు, అని నా ఒళ్లోని బుట్టలో వేసేది. దీపం వెలుగుకి గుడ్డు లోపల సూర్యుడు ఉన్నట్టు ఎర్రగా వెలిగేది. లోపల ఏదో నీడ కనిపిస్తే నేను ముందే తీర్పు చెప్పేదాన్ని, ఇది చెడింది అత్తా. చూసి చెప్తావేంటే, కదిపి చెప్పు, అనేది. గుడ్డుని వేళ్ల మధ్య పట్టుకుని చిన్నగా అటూ ఇటూ ఊపేది, ఉయ్యాల ఊపినంత. పెంకుకి అంటిన మరకైతే పెంకుతో పాటే తిరుగుతుంది. లోపల గాలి విడిపోతే అది వేరేగా ఊగుతుంది, కాస్త ఆలస్యంగా, మనసు లేనట్టు. చూడు, ఊగిందా, అనేది. అత్త చేతులకి ఎప్పుడూ తవుడు వాసన. ఆ వాసన ఇప్పుడు, ఈ చల్లగాలి గదిలో, ఎక్కడి నుంచి వచ్చిందో.

కదపాలి. నూనెని నిద్రపుచ్చడానికి పొద్దుట్నుంచి ఊపిరి బిగబట్టుకున్నాం, ఇప్పుడు దాన్ని కదపాలి. ఎలా? పెట్టెకి చేతుల్లేవు. ఇంటికున్నాయి. ఇంట్లో సైకిలుంది.

అడగాలంటే గట్టిగా అడగాలి, మాటలావిడకి వినపడేంత గట్టిగా, అంటే మాస్టారికీ వినపడుతుంది. తేరుకునే వేళలో సైకిలు తొక్కించమన్న మాట ఆయన చెవిన పడితే ఇంక ఆయనకి చెప్పాల్సింది ఏమీ ఉండదు. ఇలాంటిది ఏ తెలివైనదీ ఊరికే అడగదు. కరెంటాయన తోసిన సీసా అందుకుని తాగాను. నీళ్లు చల్లగా లేవు, వెచ్చగా లేవు, ఏమీ లేవు.

“పైనాయన్ని కాసేపు సైకిలు తొక్కమంటారా,” అన్నాను.

మాటలావిడ చెవి తొడుగు ఒకటి పక్కకి లాగింది. “తొక్కమనా, తొక్కొద్దనా?”

“తొక్కమనే.”

“ఇందాకే కదా దింపాం. ఏమని చెప్పను?”

“కుదుపుకి చిత్రం ఎలా వస్తుందో చూడాలని చెప్పండి.”

ఆవిడ నన్ను చూసింది, నా వెనక మాస్టారిని చూసింది. నేను వెనక్కి తిరగలేదు. మెడ మీద గాలి. చేతికర్ర నేల మీద ఒకసారి కదిలిన చప్పుడైంది, అంతే. ఆవిడ పైకి చెప్పింది. కాసేపటికి ఆయన గొంతు, తుప్పు రేకు మీద ఇసక పోసినట్టు, “అత్త దిగమంది, కోడలు ఎక్కమంటోంది. ఇంతకీ ఇంటి పెద్దెవరు?” కరెంటాయన ఒక్కడే నవ్వబోయి మానేశాడు. “తొక్కు బాబూ, నీ ఎముకలకి మంచిది,” అంది మాటలావిడ. తొక్కుతున్నా, తొక్కుతున్నా, అన్నాడాయన.

చిత్రాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. చారలు అన్నీ కలిసి వణికాయి, చెరువు మీద గాలి తగిలినట్టు, అన్నీ ఒక్క తీరుగా. వాటి మధ్య ఆ ఉంగరం. నేను దాన్నే చూశాను, మరకవే అయిపోవే, పెంకుకి అంటుకుని ఉండవే, నీకు దండం పెడతాను, అనుకుంటూ చూశాను. అది చారలతో పాటు వణకలేదు. వేరేగా ఊగింది. కాస్త ఆలస్యంగా.

“మాస్టారూ,” అన్నాను, “బుడగ ఉందండీ.”

చెప్పాక తేలికవుతుందనుకున్నాను, అవలేదు. వెనక్కి తిరిగాను. ఆయన నన్ను నేరుగా చూస్తున్నారు, అంటే నన్ను చూడడం లేదు.

“నిశ్చయమేనా?”

“ఊగింది. చారలతో కాదు, విడిగా.”

“అయితే మూత ఎత్తకండి,” అన్నారు కరెంటాయన వైపు. “తాళం వేసేయండి.” కరెంటాయన వేసిన తాళం టక్కుమంది, ఆ చప్పుడు ఎంత చిన్నదో. మాటలావిడ పైకి చెబుతోంది, ఇంక మీరు ఎంతసేపైనా తొక్కుకోవచ్చు బాబూ. పైనాయన ఎందుకో జోకెయ్యలేదు. అయ్యో, అన్నాడు.

“ఎప్పట్నుంచి చూస్తున్నావ్?” అన్నారు మాస్టారు.

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. బుడగ కంటే దీనికే ఎక్కువ భయపడ్డానని ఇప్పుడు తెలిసింది. “మీరు రెండోసారి అడిగినప్పట్నుంచి.”

“ఆ తర్వాత కూడా అడిగాను.”

“అవునండీ.”

“ఇంకా లేదన్నావ్.”

“అవునండీ.”

ఆయన కర్ర మీద రెండు చేతులూ పెట్టి, వాటి మీద గడ్డం ఆనించారు. ముసలితనం ఒక్కసారిగా వచ్చి ఆయన భుజాల మీద కూర్చున్నట్టుంది, లేదా ఎప్పుడో వచ్చి కూర్చుంది, నేను చూడలేదు. “ఇంట్లో అందరూ నా దగ్గర దాచడం మొదలెట్టారు. పేపర్లో ఏముందంటే మంచివే చదివి వినిపిస్తోంది మీ అమ్మగారు. ఊళ్లో ఎవరూ చావడం లేదు ఈ మధ్య. ఇక్కడ మాత్రం ఆ బాధ లేదనుకున్నాను.” గొంతులో కోపం లేదు, అదే ఉంటే బావుండేది. నేను ఏడవలేదు. ఏడిస్తే ఆయనకి వినపడుతుంది.

“వేడి ఆపేయమంటారా?” అంది మాటలావిడ, అందరి తరఫునా.

“మనకింకా వేళ ఉందిగా,” అన్నారాయన. “సైకిలు ఆపమను, వేడి ఉంచు.” తర్వాత నాతో, “ఎటు పోతోందది?”

తిరిగి తెర వైపు కూర్చున్నాను. “లోపలి గోళం వైపు.”

“వేడి వైపా? బరువు లేకుండా, ఎవరూ లాగకుండా?”

“అవునండీ. చాలా నెమ్మదిగా.”

“ఎక్కడుంది ఇప్పుడు? అందంగా చెప్పకు. దువ్వినట్టు, దులిపినట్టు వద్దు. ఉన్నది చెప్పు.”

“ఎడమ పక్క. సందులో సగం దాటింది. ముందు చారలు ఒత్తుకుని ఉన్నాయి, వెనక ఎడంగా ఉన్నాయి. దాని వెంట తోకలాంటిది ఏమీ లేదు.” ఆయన కళ్లు మూసుకున్నారని వెనక్కి తిరగకుండానే తెలిసింది, ఊపిరి మారింది. చిత్రం మారింది. “గోళానికి ఇంకొంచెం దగ్గరైంది.” మళ్లీ మారింది. “ఇంకొంచెం.”

“ఆగిందా?”

చూశాను. ఆయనకి ఏది కావాలో నాకు తెలుసు. పోతూనే ఉందని కావాలి, దేనికో ఒకదానికి కదలిక ఉందని కావాలి. ఆ మాట నా నాలుక మీదే ఉంది. చిత్రంలో ఉంగరం అంచు మసగ్గా ఉంది, కిందటి దానికీ దీనికీ తేడా ఉందో, నేనే పెట్టానో.

“తెలీడం లేదు మాస్టారూ,” అన్నాను. “ఇంకోటి రావాలి.”

ఆయన కుర్చీ నేల మీద ఈడ్చుకుంటూ నా పక్కకి జరిగారు.